మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఆసుపత్రుల్లో స్కానింగ్ సిబ్బందిపై బంధువులు చెయ్యి చేసుకుంటే ఏం చేయాలి?

గొడవ ఎక్కువగా వరుస దగ్గరే మొదలవుతుంది. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ముందు తీసుకుంటే, పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్లకు అది పక్షపాతంలా కనిపిస్తుంది. కారణం, ఇంకెంతసేపు పడుతుందో తెలుగులోనూ మరాఠీలోనూ చెప్పాలి. ఒక్క బోర్డు చాలదు.

అల్ట్రాసౌండ్ గదిలో చీకటి, మూసిన తలుపు. మంచానికి అవతలి మూలన కూర్చుంటే బయటపడే దారి ఉండదు. మెషీన్ జరిపి తలుపు మీ వైపుకు వచ్చేలా చూసుకోండి. కడుపులో బిడ్డ ఆడా మగా చెప్పమని ఒత్తిడి చేస్తే వాదించకండి. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం సైగతో చెప్పినా నేరమే. స్కాన్ ఆపి ఇంకొకరిని పిలవండి.

ఎమ్మారై అయస్కాంతం కరెంటు పోయినా పనిచేస్తూనే ఉంటుంది. లోహపు వస్తువుతో ఎవరైనా దూసుకొస్తే లోపలున్న రోగి ప్రాణానికే ముప్పు, అందుకే ఆ తలుపుకు ఎప్పుడూ తాళం ఉండాలి. గొడవ ఆపడానికి అయస్కాంతాన్ని ఒక్కసారిగా ఆపేసే క్వెంచ్ బటన్ మాత్రం నొక్కకండి.

రోగే తిరగబడితే తల దెబ్బో, షుగర్ పడిపోవడమో కారణం కావచ్చు. ముందు డాక్టర్‌ను పిలవాలి.

దాడి జరిగితే 112కి ఫోన్ చేయండి. గాయాలకు అదే రోజు వైద్య పరీక్ష చేయించి నమోదు చేయించండి, సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోకముందే కాపీ తీయండి. వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టే మహారాష్ట్ర 2010 చట్టం పారామెడికల్ సిబ్బందికీ వర్తిస్తుంది: 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా, నాన్‌బెయిలబుల్. గోదావరి దాటి తెలంగాణ ఠాణాకు వెళ్లినా జీరో ఎఫ్‌ఐఆర్ (ఘటన ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా నమోదయ్యేది) రాయించుకోవచ్చు.