న్యూ హాంప్‌షైర్‌లో చందాలకు దిగుతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, ఎడిసన్ నుంచి మామయ్య ఆశీస్సులు.

2028 అధ్యక్ష పదవికి పోటీ చేయాలని చూస్తున్న ఒక నాయకుడి తరఫున, నాషువాలోని మీ ఇంట్లో విందు ఏర్పాటు చేసి చందాలు సేకరించమని ఆయన మనుషులు నిన్ను అడిగారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆయనది ఏ పార్టీ అని నేను అడగలేదు, నువ్వు చెప్పనూ అక్కరలేదు. 2000లో నేను మొదటి చెక్కు రాసినప్పుడు ఒక అభ్యర్థికి ఒక మనిషి ఒక్కొక్క ఎన్నికకు ఇవ్వదగిన మొత్తం వెయ్యి డాలర్లకు మించేది కాదు. ఇప్పుడది 3,500 డాలర్లయింది, రెండేళ్ళకోసారి ధరలతో పాటు పెరుగుతూ ఉంటుంది. ఈ పాతికేళ్ళలో రెండు పార్టీల వారికీ మా వసారాలో కుర్చీలు వేసిన అనుభవంతో నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసినది, వాళ్ళకు కావలసింది నీ 3,500 డాలర్లు కావు. నీ మాట మీద చెక్కు రాసే నలభై కుటుంబాలు కావాలి. తన స్నేహితుల చెక్కులన్నీ కూడగట్టి ఇచ్చే మనిషిని ఇక్కడ బండ్లర్ అంటారు. 2000లో జార్జ్ బుష్ ప్రచారం లక్ష డాలర్లు తెచ్చిన వారికి ‘పయొనీర్’ అని బిరుదు ఇచ్చింది, ఎవరి ద్వారా ఎంత వచ్చిందో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక సంఖ్య కేటాయించింది. 2004 నాటికి రెండు లక్షల వారికి ‘రేంజర్’ అనే పై మెట్టు కూడా వచ్చింది. నీకు కూడా ఏదో ఒక బిరుదు, ఒక లింకు ఇస్తారు. ఆ లింకులోకి వచ్చే ప్రతి డాలరూ నీ పరపతిలోంచి తీసిన అప్పు అనుకో. అభ్యర్థి నాలుగు నెలలలో తప్పుకొని వెళ్ళిపోతాడు, నువ్వు మాత్రం అదే గుడికి, అదే ఉగాది సంబరాలకు వెళుతూ ఉండాలి. ఒకసారి నేను నమ్మి చందాలు పోగు చేసిన ఒక అభ్యర్థి ఒక్క ఓటు కూడా పడకముందే విరమించుకున్నాడు. ఆ తరువాత రెండేళ్ళ పాటు ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు నన్ను ఆ సంగతి నవ్వుతూనే అడిగేవారు, ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది.

పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే పోటీలు (మామూలు ఓటింగుతో జరిగేవి ప్రైమరీలు, సభలుగా కూడి తేల్చేవి కాకస్‌లు) ముందుగా జరిగే మీలాంటి రాష్ట్రాలలో డబ్బు ఓట్లను కొనలేదు, కాలాన్ని మాత్రం కొనగలదు. 1980లో జాన్ కానలీ కోటి డాలర్లకు పైగా ఖర్చు చేసి ఒకే ఒక్క డెలిగేట్‌ను, అంటే పార్టీ మహాసభలో తనకు ఓటు వేసే ప్రతినిధిని, గెలుచుకున్నాడు. 2015లో జెబ్ బుష్‌కు అండగా నిలిచిన సూపర్ ప్యాక్ (పరిమితి లేకుండా చందాలు తీసుకుని, అభ్యర్థికి విడిగా ఖర్చు పెట్టే సంఘం) మొదటి ఆరు నెలలలోనే పది కోట్ల డాలర్లు దాటించింది, అయినా 2016 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా ఫలితం వచ్చిన రాత్రే ఆయన ఇంటిదారి పట్టాడు. దీనికి ఎదురు ఉదాహరణ జాన్ కెర్రీ: 2003 చివర హోవర్డ్ డీన్ చేతిలో అందరికన్నా ఎక్కువ డబ్బు, అల్ గోర్ మద్దతు ఉండగా, కెర్రీ బోస్టన్‌లోని తన ఇంటిని తాకట్టు పెట్టి 64 లక్షల డాలర్లు తెచ్చి అయోవాలో ఖర్చు పెట్టాడు. 2004 జనవరి 19న అక్కడ కెర్రీ గెలిచాడు, డీన్ మూడో స్థానంలో నిలిచాడు. కెర్రీ డబ్బు అదనులో పడ్డ వాన వంటిది. 2019లో కమలా హ్యారిస్ పరిస్థితి దీనికి తలకిందులు: డిసెంబరు 3న, అయోవా కాకస్‌కు రెండు నెలల ముందు, ప్రచారం సాగించడానికి డబ్బు లేదని చెప్పి ఆమె పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది.

కాబట్టి విందు తేదీని నీకు వీలైన శనివారాన్ని బట్టి కాక, ఎన్నికల సంఘానికి లెక్కలు చెప్పే గడువును బట్టి నిర్ణయించు. ఎన్నికలకు ముందు సంవత్సరంలో మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల చివరి రోజుతో ఒక్కొక్క త్రైమాసికం ముగుస్తుంది. ఆ రోజుకు ఖాతాలో ఉన్న మొత్తం చూసే పత్రికలు ఎవరు నిలుస్తారో, ఎవరు పడతారో తేలుస్తాయి. అందుకే జూన్ 25న వచ్చిన చెక్కుకు ఉన్న విలువ జూలై 5న వచ్చిన చెక్కుకు ఉండదు.

ఇంకొక సంగతి, పెద్ద చెక్కుల మీదే కన్ను పెట్టకు. 2019లో డెమోక్రాట్ల మొదటి చర్చావేదిక ఎక్కడానికి ఉన్న దారులలో ఒకటి, 65,000 మంది వేరు వేరు దాతలు ఉండడం, వారిలో కనీసం ఇరవై రాష్ట్రాల నుంచి రెండేసి వందల మంది ఉండడం. 2023లో రిపబ్లికన్లు 40,000 మంది దాతలను అడిగారు, దానికి తోడు సర్వేలలో ఒక శాతం కూడా అడిగారు. ఆ సంఖ్య చేరుకోవడానికి డగ్ బర్గమ్ ఒక డాలరు ఇచ్చిన వారికి ఇరవై డాలర్ల గిఫ్ట్ కార్డు పంపాడు! వింటే నవ్వు వస్తుంది గాని, తలల లెక్క ఎంత ముఖ్యమో అది చెబుతుంది. పది మంది డాక్టర్లను 3,500 చొప్పున అడిగేకన్నా, వారితో పాటు మరో వంద మందిని పాతిక డాలర్ల చొప్పున అడుగు. పాతిక ఇచ్చినవారు మళ్ళీ ఇవ్వగలరు, ప్రైమరీ రోజున ఓటు వేయడానికి వస్తారు. పైగా మీ రాష్ట్రంలో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు కూడా తనకు నచ్చిన పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు.

ఇక చట్టం. ఇక్కడ కొంచెం నిదానంగా చదువు, మన వాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే చందా ఇవ్వవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవారు, వారి భార్యాభర్తలు, ఓపీటీ మీద, అంటే చదువు అయ్యాక విద్యార్థి వీసాతోనే, పనిచేస్తున్న పిల్లలు, మన ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. వారు వచ్చి కుర్చీలు సర్దవచ్చు, జీతం లేకుండా సేవ చేయవచ్చు, కాని డబ్బు ఎలా ఖర్చు పెట్టాలనే నిర్ణయాలలో తలదూర్చకూడదు. ఒకసారి మా ఇంటికి వచ్చిన ఒక యువకుడు ఉత్సాహంగా చెక్కు ఇచ్చాడు, మర్నాడు మాటల్లో వీసా సంగతి బయటపడింది. ఆ చెక్కు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అతని ముఖం చూడలేకపోయాను, తప్పు ముందుగా అడగని నాదే. నువ్వు ఆహ్వానంలోనే ఈ మాట రాయించు.

రెండో జారుడు మెట్టు, ఒకరి డబ్బు మరొకరి పేరుతో ఇవ్వడం. మన కన్సల్టెన్సీల యజమానులు కొందరు “మా ఆఫీసులో పది మంది చేత రాయిస్తాను, తరువాత నేను సర్దుబాటు చేస్తాను” అని చాలా మామూలుగా అంటారు. అది నేరం. దినేశ్ డిసౌజా 2012లో న్యూయార్క్ సెనెట్ అభ్యర్థికి ఇద్దరి ద్వారా ఇరవై వేల డాలర్లు ఇప్పించి, ఆ డబ్బు వారికి తిరిగి ఇచ్చినందుకు 2014లో నేరం ఒప్పుకున్నాడు; ఎనిమిది నెలలు నిర్బంధ గృహంలో, అయిదేళ్ళు ప్రొబేషన్‌లో ఉండమని కోర్టు తీర్పు చెప్పింది. 2018లో ఆయనకు క్షమాభిక్ష దొరికింది గాని, అటువంటిది మన కన్సల్టెన్సీ యజమానికి దొరుకుతుందని ఎవరూ లెక్క వేసుకోకూడదు. కార్పొరేషన్ ఖాతా చెక్కులు కూడా తీసుకోకు. మీ ఉమ్మడి ఖాతా నుంచి ఇస్తే నువ్వూ అల్లుడుగారూ ఇద్దరూ సంతకం చేయండి, అప్పుడు ఎవరి పరిమితి వారికి విడిగా ఉంటుంది. నీ ఇంట్లో భోజనాలకు, ఆహ్వానాలకు నువ్వు పెట్టే ఖర్చులో మొదటి వెయ్యి డాలర్లు చందా కింద లెక్కకు రావు, కాబట్టి బిర్యానీకి భయపడనక్కరలేదు.

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం గుర్తుంది కదా, ఎవరు ఎంత చదివించారో గట్టిగా చదివి రాసుకునేవారు. మొత్తం కలిపి రెండు వందల డాలర్లు దాటి ఇచ్చిన ప్రతివారి పేరు, ఊరు, ఉద్యోగం, పనిచేసే సంస్థ ఎన్నికల సంఘం వెబ్‌సైటులో అలాగే చదివింపు అవుతాయి. ఆ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరా చెక్కు తీసుకోకు. పై అధికారి చూస్తారనే జంకు ఉన్నవారు రెండు వందల లోపు ఇచ్చి ఊరుకుంటారు, అందులో తప్పు లేదు. అలాగే తెలుగు సంఘం ఈమెయిలు జాబితా గాని, వేదిక గాని, బ్యానరు గాని వాడకు. ధార్మిక సంస్థలుగా పన్ను మినహాయింపు పొందినవి అభ్యర్థుల ప్రచారంలో పాలుపంచుకోకూడదు, మన సంఘాలలో ఎక్కువ భాగం అటువంటివే.

పొత్తుల విషయానికి వస్తే, మీ రాష్ట్రం ఒక వింత. న్యూ హాంప్‌షైర్ శాసనసభ దిగువ సభలో 400 మంది సభ్యులు, ఒక్కొక్కరికి ఏడాదికి జీతం వంద డాలర్లు. అంటే ప్రతి పేటలోనూ ఒక ఎమ్మెల్యే ఉన్నట్టే. అధ్యక్ష పదవి మీద కన్ను ఉన్నవారు ఏడాది రెండేళ్ళ ముందే తమ లీడర్‌షిప్ ప్యాక్ (ఇతర అభ్యర్థులకు సాయం చేయడానికి నాయకులు పెట్టుకునే చందాల సంఘం) నుంచి ఇటువంటి చిన్న అభ్యర్థులకు, పార్టీ సంఘాలకు చందాలు ఇచ్చి, తరువాత వారి మద్దతు అడుగుతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం చట్టబద్ధమే, కొత్తది కూడా కాదు. 2007లో అయోవా మాజీ గవర్నరు టామ్ విల్సాక్ తన పోటీ విరమించి హిల్లరీ క్లింటన్‌కు మద్దతు ప్రకటించినప్పుడు, ఆయన ప్రచారపు అప్పు తీర్చడానికి ఆమె వర్గం చేయి అందించింది. అయినా మరుసటి జనవరిలో అయోవాలో ఆమెకు మూడో స్థానమే దక్కింది.

పెద్ద పేరు ఉన్న మద్దతుదారుకు తన వెంట నడిచే మనుషులు ఉన్నారా లేదా అని నాకు ఎప్పుడూ అనుమానమే. 2023లో అయోవా గవర్నరు కిమ్ రేనాల్డ్స్ రాన్ డిశాంటిస్‌కు, అప్పటి మీ గవర్నరు క్రిస్ సునూనూ నిక్కీ హేలీకి మద్దతు పలికారు. డిశాంటిస్, హేలీ ఇద్దరూ ఆయా రాష్ట్రాలలో ట్రంప్ చేతిలో ఓడిపోయారు. దీనికి భిన్నంగా 2020లో బైడెన్ అయోవాలో నాలుగో, న్యూ హాంప్‌షైర్‌లో అయిదో స్థానానికి పడిపోయి, చేతిలో డబ్బు లేక ఉన్నప్పుడు, సౌత్ కరోలినాలో కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఫిబ్రవరి 26న ఆయనకు మద్దతుగా నోరు విప్పాడు. మూడు రోజులకు అక్కడ బైడెన్ గెలిచాడు, మరో రెండు రోజులకు పోటీదారులు బూటిజెజ్, క్లోబుషార్ ఇద్దరూ ఆయన పక్షాన చేరారు. క్లైబర్న్‌కు ఆ నేలలో దశాబ్దాల వేళ్ళు ఉన్నాయి, ఆయన మాటను విని నడిచే నల్లజాతి ఓటర్లు ఉన్నారు. నువ్వు మీ పేటలో వెతకవలసింది అటువంటి మనిషిని, చిన్న స్థాయిలో: బడి బోర్డులో పదేళ్ళు కూర్చున్న టీచరమ్మ, అగ్నిమాపక దళం యూనియన్ పెద్ద, చర్చి వంటశాల నడిపే ముసలమ్మ. వారిలో ఒకరిని సహ ఆతిథేయిగా పిలువు, లేకపోతే మీ ఇంటికి వచ్చేవారంతా తెలుగువారే అవుతారు, అభ్యర్థి ఫోటోలు దిగి వెళ్ళిపోతాడు.

మన ఓట్లన్నీ నీ కొంగున ముడివేసి ఉన్నట్టు మాత్రం ఎవరికీ మాట ఇవ్వకు. ఉషా వాన్స్ మూలాలు ఆంధ్రలో ఉన్నాయని ఒక వాట్సాప్ గుంపు ఇప్పటికే ఆమె భర్త జె.డి. వాన్స్‌ను “మన అల్లుడు” అని మురిసిపోతుంటే, హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు అయిందని మరో గుంపు అంతే మురిసిపోతోంది. బంధుత్వం వేరు, పొత్తు వేరు.

ప్రతిఫలంగా నీ సొంత పని ఏదీ అడగకు. చందాకు పని ముడిపెట్టి మాట్లాడితే అది లంచం కిందికి వస్తుంది. అడగదలచుకుంటే ఒకే ప్రశ్న, అందరి ముందు అడుగు: గ్రీన్ కార్డులలో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదనే నియమం గురించి ఆయన ఏమి చేస్తారు అని. జవాబు ఆయన నోట రావాలి, సహాయకుడి నోట కాదు.

చివరగా ఒక చిన్న లెక్క. ప్రైమరీకి, సాధారణ ఎన్నికకు పరిమితులు విడివిడిగా ఉంటాయి గనుక కొందరు రెండూ కలిపి ఒకేసారి 7,000 రాయమంటారు. అభ్యర్థి ప్రైమరీలో ఓడితే సాధారణ ఎన్నిక కోసం ఇచ్చిన భాగాన్ని దాత మరో విధంగా ఒప్పుకోకపోతే తిరిగి ఇవ్వాలి, ప్రైమరీ భాగం మాత్రం పోయినట్టే. అందుచేత చెక్కు మీద ప్రైమరీ అని రాయించి ఆ ఒక్కటే తీసుకో, తీసుకున్నవి పది రోజులు దాటకుండా వారి కోశాధికారికి చేర్చు. పిలవబోయే వారి జాబితా ముందు నాకు పంపు, వీసాల సంగతి తెలిసినంత వరకు నేను టిక్కులు పెట్టి పంపుతాను. మీ అత్తయ్య గోంగూర పచ్చడి రెండు సీసాలు పంపుతోంది, అవి విందుకు కావు, మీకు.

ఇట్లు,
మీ మామయ్య