రోమ్ పతనం 476లోనా, 1453లోనా?

ఒక పుస్తకంలో 476 అనీ, మరొకదానిలో 1453 అనీ ఉన్నందున పరీక్షలో ఏది రాయాలని అడిగారు. రెండూ సరైనవే, మొదటిది పశ్చిమ సామ్రాజ్యానికి, రెండోది కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన తూర్పు సామ్రాజ్యానికి వర్తిస్తుంది. అయితే 476ను హఠాత్తుగా జరిగిన పతనంగా మాత్రం దయచేసి రాయకండి. నా దృష్టిలో కోలుకోలేని దెబ్బ 439లోనే తగిలింది: వాండల్స్ అనే జర్మానిక్ తెగ రాజు గైసెరిక్ కార్తేజ్‌ను ఆక్రమించడంతో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చే ధాన్యమూ పన్నులూ చేజారి, సైన్యాన్ని పోషించడమే ఖజానాకు భారమైంది. దాన్ని తిరిగి గెలవడానికి 468లో పంపిన భారీ నౌకాదళాన్ని వాండల్స్ నిప్పు పడవలతో తగలబెట్టారు. చివరికి 476లో జర్మానిక్ సేనాని ఒడోయాసర్ పశ్చిమ సామ్రాజ్యపు బాల చక్రవర్తి రోములస్ అగస్టులస్‌ను గద్దె దింపి, చంపకుండా, భరణం ఏర్పాటు చేసి దక్షిణ ఇటలీలోని కంపానియాకు పంపివేశాడు. రాజచిహ్నాలు కాన్‌స్టాంటినోపుల్‌లోని జీనో చక్రవర్తికి చేరాయి. ప్రశ్నలో ఏ భాగమో చెప్పకపోతే 476 రాసి, తూర్పు సామ్రాజ్యం 1453 వరకు నిలిచిందని ఒక వాక్యం జోడించండి.