కర్నూలు పాతబస్తీలో స్నేహితులతో ఒక రోజు ఎలా గడపాలి?

నలుగురు స్నేహితులతో కర్నూలుకు వస్తున్నామని, పాతబస్తీలో ఒక రోజు హడావిడి లేకుండా ఎలా గడపాలో చెప్పమని అడిగారు. ఇక్కడే చదువుకుని, సెలవులకు వచ్చే మిత్రులను వెంటబెట్టుకుని ఆ వీధులన్నీ తిరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను: కారును బసలోనే వదిలేసి, తుంగభద్ర, హంద్రి నదుల దరిని పెరిగిన పాత ఊరు దాటకుండా నడవండి.

ఉదయం ఉగ్గానితో మొదలుపెట్టండి. నానబెట్టి పిండిన బొరుగులను తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లిన ఉగ్గానిని బండి దగ్గరే నిలబడి, మిరపకాయ బజ్జీ నంజుకుంటూ తింటేనే రుచి. ఎండ ముదరకముందే హంద్రి ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్‌కు చేరుకోండి. పదిహేడో శతాబ్దం నాటి ఈ కట్టడం బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. కొండారెడ్డి బురుజు దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోయేవారిలో చాలామంది ఇటు రానే రారు గానీ, నా లెక్కలో ఊళ్లో మొదట చూడవలసినది ఇదే. దాని కమానుల నీడలో కూర్చుంటే గంటలు తెలియవు.

తరువాత సందుల్లో నడిచేటప్పుడు మనుషులతో మాట కలపండి. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీ మునిగిపోయింది. మా మిత్రుడి మేనత్తగారి నట్టింట్లో, గడియారం మేకుకు జానెడు కింద, బురదనీరు నిలిచిన గీత ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలుతుంది. ఆమె వడ్డిస్తూ ఆ రాత్రి మిద్దెమీద ఎలా గడిపారో చెప్పడం మొదలుపెడితే మా మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది, బిరియానీ ఆలోచన వెనక్కి పోయింది.

కొండారెడ్డి బురుజును సాయంత్రానికి ఉంచుకోండి. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలినది కొంచెమే. అక్కడ నుంచి తుంగభద్ర కింద గద్వాల దాకా సొరంగం ఉందన్న కథను నేను నమ్మను. అయినా మీలో ఎవరైనా చెప్పడం మొదలుపెడితే ఆపకండి. బురుజు దగ్గర చేరే పెద్దలను కదిలిస్తే, 1953 నుంచి 1956 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచిన సంగతి కూడా వినవచ్చు.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలను, ఓర్వకల్లు రాతివనాలను ఇదే రోజులో ఇరికించకండి; ఒక్కొక్కదానికి ఒక పూట కావాలి.