ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలు, మానసిక ఆసుపత్రిలో చేర్చేసుకుంటారా?

చేర్చుకోరు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన పెద్దవాళ్లెవరినైనా వాళ్ల ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, అవసరమేనని తేల్చాలి.

వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టే అయి ఉండాలి. కేవలం జబ్బు ఉందంటే సరిపోదు. తనకు హాని చేసుకునే ప్రమాదం, ఎదుటివాళ్ల మీద దాడి, లేదా తిండీ నీళ్లూ కూడా చూసుకోలేని స్థితి, వీటిలో ఏదో ఒకటి కనిపించాలి. అప్పుడైనా గడువు మొదట 30 రోజులే.

ఒకతను మూడు రాత్రులుగా నిద్రపోలేదు, అన్నంలో విషం కలిపారని పళ్లెం తోసేస్తున్నాడు అనుకుందాం. డాక్టరు ముందు జ్వరం, షుగరు, తలకు దెబ్బ, ఉన్నట్టుండి మానేసిన తాగుడు అలవాటు గురించి చూస్తారు. ఒంట్లో జబ్బు కూడా మనిషిని ఇలాగే చేయగలదు కనుక ఈ మెట్టు దాటవేయకూడదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దూరమైతే దగ్గర్లోని మామూలు ఆసుపత్రిలోనే, అక్కడ సైకియాట్రిస్టు లేకపోయినా, రోగి తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆ ప్రతినిధి సమ్మతితో, అత్యవసర వైద్యం 72 గంటల వరకు చేయవచ్చు. జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ వార్డుకైనా, ప్రైవేటుకైనా చేర్చుకునే నియమాలు ఇవే.

చాలామంది అనుకునేట్టు కుటుంబం చేర్పించడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు అక్కర్లేదు; మేజిస్ట్రేటు ఉత్తర్వుతో చేర్చే పద్ధతి 1987 నాటి పాత చట్టంలో ఉండేది. చేరితే ఇక బయటికి రానివ్వరన్నదీ అపోహే. తనంతట తాను చేరిన పెద్దవాళ్లు అడిగితే పంపించాలి. పరిస్థితి ప్రమాదకరంగా ఉంటేనే, మళ్లీ పరీక్షించడానికి 24 గంటలు ఆపగలరు.