నోటిలెక్క వచ్చిన అమ్మకు శాతమంటే భయం

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మకు నలభై నాలుగు. ఏడో తరగతి వరకు తెలుగులో చదివింది. ఎనిమిదిలో ఒడియా బడికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ నిలబెట్టి చదివిస్తే తడబడిందని తరగతి అంతా నవ్విందట. మూడు నెలలకే మానేసింది. ఇప్పుడు మహిళా సంఘం వాళ్లు అమ్మను కార్యదర్శిగా ఉండమంటున్నారు. పదో తరగతి పాసయ్యాకే ఆ బాధ్యత తీసుకోవాలని అమ్మ పట్టుదల. ఓపెన్ స్కూల్ పరీక్షకు కట్టిద్దామని, రోజూ రాత్రి పనులన్నీ అయ్యాక నా పాత ఒడియా పుస్తకాలతో పాఠాలు చెబుతున్నాను. సంఘంలో ఎవరు ఎంత వడ్డీ కట్టాలో నోటితో చెప్పేసే మనిషి, పుస్తకంలో శాతం అన్న మాట కనబడగానే పెన్ను కింద పెట్టేస్తుంది. పుస్తకం దూరంగా పట్టుకుని 'అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నా బుర్రలో మట్టి ఉంది' అంటుంది. చెప్పింది మర్నాటికి మరిచిపోతుంది. నేను విసుక్కుంటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. మెచ్చుకుంటే నమ్మదు. 'మొక్కై వంగనిది మానై వంగుతుందా' అని నానమ్మ దెప్పుతుంది. నాన్న ఏమీ అనరు. అమ్మకు ధైర్యం ఎలా చెప్పాలి? లేక మానేయమని చెప్పేయడమే మంచిదా? నాకు తెలుగు రాయడం అమ్మే నేర్పింది. తప్పులుంటే మన్నించండి.

జవాబు: అమ్మా, నా మనవరాలి వయసు పిల్లవు కనుక నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నీ బడి చదువంతా ఒడియాలో సాగింది. అయినా ఇంత ఉత్తరం తెలుగులో రాశావు. వెతికి చూస్తే రెండు మూడు చోట్ల దీర్ఘాలు తప్పాయి, అంతే. ఏ బడీ నీకు నేర్పని లిపిని గుణింతాలతో, వత్తులతో సహా ఇంట్లో కూర్చోబెట్టి నేర్పింది మీ అమ్మ. బియ్యం ఏరుతూనో, కూర తరుగుతూనో నేర్పి ఉంటారు. అందుకే అది చదువు చెప్పడమని ఆవిడకూ తోచలేదు, నీకూ తోచలేదు.

ముందు కళ్ల సంగతి చూడు. నలభై నాలుగేళ్ల మనిషి పుస్తకాన్ని దూరంగా పట్టుకుని అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే, అది బుర్రలో మట్టి కాదు, చత్వారం. నలభై దాటిన వాళ్లలో దాదాపు అందరికీ వచ్చేదే. కంటిలోని కటకం మెత్తదనం తగ్గి దగ్గరి అక్షరాల మీద చూపు నిలవదు. చదువు అలవాటున్నవాళ్లు వెంటనే గుర్తుపట్టి కళ్లజోడు పెట్టుకుంటారు. ముప్పై ఏళ్ల తరువాత పుస్తకం పట్టినవాళ్లు ఆ మసకను తమ తెలివిలోని లోపంగా లెక్క వేసుకుంటారు. ఈ వారంలోనే కళ్లు పరీక్ష చేయించు. కళ్లజోడు వచ్చేవరకు పాఠం ఆపినా నష్టం లేదు. ఆ వెంటనే రాత్రి చదువు మానిపించు. పొద్దున్నుంచి నిలబడే ఉన్న మనిషికి, అందరూ తిన్నాక, అంట్లు తోమాక మిగిలిన ఓపికతో చదువు ఎక్కదు. తెల్లవారుజామున అరగంట చాలు.

ఇప్పుడు ధైర్యం సంగతి. వయోజన విద్య తరగతుల్లో చెప్పిన రోజుల్లో నేనూ నీలాగే అనుకున్నాను, మెచ్చుకుంటే చాలు పుంజుకుంటారని. ఒకావిడ తన పేరు రాయగానే 'భలే భలే' అని చప్పట్లు కొట్టాను, అందరిచేతా కొట్టించాను. మర్నాటి నుంచి ఆవిడ రాలేదు. వెళ్లి అడిగితే, 'పసిపిల్లను మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నారు, సిగ్గుతో చచ్చిపోయాను' అన్నది. ఇల్లు నడిపిన మనిషి, కాన్పులు పోసిన మనిషి, నా చప్పట్లలో ఆవిడకు వినబడింది జాలి. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఈ విషయం మీదే రాశాడు. ఒక పని నేను చేయగలను అన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందని ఆయన ప్రశ్న. తన చేతులతో చేసి నెగ్గిన అనుభవం అన్నిటికంటే గట్టిది. తనలాంటి మరొకరు చేయడం కళ్లారా చూడటం ఆ తరువాతది. పక్కవాళ్లు చెప్పే మాటల బలం ఇంకా తక్కువ. నువ్వు ఇన్నాళ్లూ ఆ తక్కువ బలం ఉన్నదాన్నే పట్టుకుని లాగుతున్నావు. ఆయన మరో సంగతీ చెప్పాడు. గుండె దడదడలాడితే, చేయి వణికితే, దాన్ని మనిషి తన చేతకానితనానికి గుర్తుగా చదువుకుంటాడట. మీ అమ్మ పెన్ను ఎందుకు కింద పెట్టేస్తుందో ఆలోచించు. రోజూ రాత్రి నువ్వు ఆవిడ ముందు తెరుస్తున్నది ఒడియా పుస్తకం. ఆ తరగతి నవ్విన అక్షరాలే అవి. పదమూడేళ్ల పిల్లగా నిలబడిన చోటనే ఆవిడను మళ్లీ నిలబెడుతున్నావు. నీకు తెలియక చేశావు, అందుకు బాధపడకు. కానీ ఆ పుస్తకాలు ఇక పక్కన పెట్టు.

ఆవిడ చేత లెక్క ఇలా చేయించు. శాతం అన్న మాట ఎత్తకు. 'సంఘంలో ఒకామె ఆరు వేలు తీసుకుంది, రూపాయిన్నర వడ్డీ, ఐదు నెలలైంది, ఎంత కట్టాలి?' అని అడుగు. నువ్వు ఫోనులో వేసేలోపే 450 అని చెబుతారు. ఎలా వచ్చిందో చెప్పమను. 'నూటికి రూపాయిన్నర, ఆరు వేలకు తొంభై, ఐదు నెలలకు నాలుగు వందల యాభై' అంటారు. ఆ మాటలనే, ఆవిడ చెప్పిన వరుసలోనే, ఆవిడ చేతనే కాగితం మీద రాయించు. ఇంకేమీ వద్దు, ఆ రోజుకు అంతే. నాలుగైదు రోజులు ఇలా జరిగాక, నెలకు నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి ఎంత అని అడుగు. పద్దెనిమిది అంటారు. పుస్తకంలో దాన్నే 18 శాతం అంటారని అప్పుడు చెప్పు. అసలును కాలంతో, వడ్డీ రేటుతో గుణించి నూటితో భాగించే సూత్రంలో ఐదు నెలలకు బదులు పన్నెండింట ఐదు వంతుల ఏడాది వేసి చూపించు. అదే 450 వస్తుంది. ఆ రెండు జవాబులూ ఒక కాగితం మీద పక్కపక్కన ఉండటం ఆవిడ చూడాలి. ఆ కాగితాలన్నిటికీ తేదీ వేయించి ఒక ఫైలులో పెట్టు. నాకు రాదు అన్న రోజున నువ్వు ఏమీ మాట్లాడకు, ఆ ఫైలు ఆవిడ చేతికి ఇవ్వు.

తప్పు చేసినప్పుడు పెన్ను లాక్కోకు. ఇది అన్నిటికంటే ముఖ్యం. నిట్టూర్చకు, ఫోను వైపు చూడకు. పదంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగితే సగం తప్పులు ఆవిడే పట్టుకుంటారు. మిగిలిన సగంలో ఆ పూటకు ఒక్కటే చెప్పు. నానమ్మ ఎదుట మాత్రం ఒక్కటీ చెప్పకు.

మర్నాటికి మరిచిపోతోందన్నావు. మరిచిపోవడం అందరికీ ఉన్నదే. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీదే ప్రయోగం చేసుకుని, నేర్చుకున్న దానిలో చాలా భాగం ఒక్క రోజులోనే జారిపోతుందని 1885లో రాశాడు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. మందు ఏమిటంటే, పుస్తకం మూసి చెప్పించడం. మీ అమ్మ ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదువుతుంటారనుకుంటాను. అలా చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, తీరా అడిగితే రాదు. పొద్దున చదివింది మధ్యాహ్నం వంట దగ్గర తన మాటల్లో చెప్పించుకో. తడుముకున్నా ఫరవాలేదు, ఆ తడుముకోవడంలోనే పాఠం పాతుకుంటుంది.

పదో తరగతికి ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్‌లో తెలుగు మీడియం ఉంది. దరఖాస్తులో అదే ఎంచుకోండి. అయిదు సబ్జెక్టులు చాలు, వాటిలో ఒక్కటైనా భాష ఉండాలి. గణితం తప్పనిసరి కాదు. గృహవిజ్ఞానం కూడా ఉంది, అందులో సగం ఆవిడకు చేతులతో తెలిసిందే. అయినా గణితం తీసుకోమనే నేనంటాను, వడ్డీ లెక్క అంత బాగా వచ్చిన మనిషి దాన్ని వదిలేయడం నాకు ఇష్టం లేదు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. చేరిన తరువాత అయిదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలిచి ఉంటుంది. పాసు మార్కులు 33 శాతం. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం విలువ ఉంది. పాఠ్యపుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి తెలుగు ఒక్కటే రాయించు. ఒక్క సబ్జెక్టు పాసైన కాగితం చేతికొస్తే నువ్వు చెప్పే వంద మాటల పని అది చేస్తుంది.

సంఘం పద్దు పుస్తకం ఒడియాలో ఉంటే ఆ అక్షరాలు తరువాత, విడిగా నేర్చుకోవచ్చు. సంఘంలోని వాళ్ల పేర్లు, నెలల పేర్లు, అప్పు, జమ. అంతవరకే మొదలుపెట్టండి. అవీ మన అక్షరాల్లాగే గుండ్రటివి. అవి నేర్పేటప్పుడు బదులుగా నువ్వు ఆవిడ దగ్గర తెలుగు దీర్ఘాలు దిద్దించుకో. ఒక అరగంట ఆవిడ గురువు, ఒక అరగంట నువ్వు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లోనే 1880లో బడిపంతులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి 1896లో బి.ఏ. పాసయ్యారు. అప్పటికి ముప్పై దాటాయి. ఆ రోజుల్లోనే, దగ్గరి అడవుల్లో ఉండే సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు తానే శిష్యుడిగా నేర్చుకున్నారు. ఇది మీ అమ్మకు చెప్పవలసిన కథ కాదు, పెద్దవాళ్ల కథలు చెబితే ఆవిడ ఇంకా బెదిరిపోతారు. నీ కోసం రాశాను.

సంఘంలో చదువు మధ్యలో ఆపేసిన మరొకామె తప్పక ఉంటుంది. ఆవిడను కూడా పొద్దున పిలవండి. ఇద్దరైతే నానమ్మ సామెతకు పదును తగ్గుతుంది. నానమ్మతో వాదించకు. ఆవిడను ఎవరూ బడికి పంపి ఉండరు, ఆ బాధ కూడా ఆ మాటలో ఉండవచ్చు. నాన్నగారితో మాత్రం ఒంటరిగా మాట్లాడు. ఏమీ అనకపోవడాన్ని అమ్మ కాదన్నట్టుగా అర్థం చేసుకుంటుందని చెప్పు. పొద్దున పాలు కాచి కాఫీ కలపడం తన పనిగా తీసుకోమని అడుగు. ఆ అరగంట అక్కడి నుంచే రావాలి.

ఒక్క జాగ్రత్త. ఏడుపు చదువు దగ్గరే కాక రోజంతా ఉంటే, నిద్ర, ఆకలి రెండు వారాలు దాటి తగ్గిపోతే, అది వేరే సంగతి. డాక్టరుకు చూపించు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు మాట్లాడతారు, ఖర్చు లేదు.

మానేయమని చెప్పేయనా అని అడిగావు. వద్దు. ముప్పై ఏళ్ల కిందట ఆ నిర్ణయం ఆవిడకు బదులుగా ఒక తరగతి గది తీసుకుంది, ఈసారి కూతురు తీసుకోకూడదు. ఆవిడే ఆపుతానంటే ఒప్పుకో, ఎందుకని నిలదీయకు. కళ్లజోడు, ఆ లెక్కల ఫైలు, తెలుగు పుస్తకం మాత్రం అటక ఎక్కించకుండా వంటింటి అరలో, ఆవిడ చేతికి అందే చోట ఉంచు.