హాఫ్ స్కాలర్‌షిప్ వస్తే అమెరికా పంపాలా?

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం ఖమ్మం నుంచి కెనడాలోని మిస్సిసాగా వచ్చాం. పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది. అమ్మాయికి 16 ఏళ్ళు, గ్రేడ్ 11. స్కూల్లో క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా గడ్డి, మట్టి దారుల్లో దూరపు పరుగు) పరిగెడుతుంది. ట్రాక్ మీద 3000 మీటర్లు 10 నిమిషాల 15 సెకన్లు. మార్కులు 90 పైనే, బయాలజీ చదువుతానంటోంది. అమెరికాలో ఒక కాలేజీ కోచ్ సగం ఖర్చుకు స్కాలర్‌షిప్ రావచ్చన్నారు. ఆటలంటే అమెరికాయే, కెనడా యూనివర్సిటీల్లో పరుగు టైమ్‌పాస్ అని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్స్ మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఆ మాటతోనే మొదలవుతాయి. గాబ్రియేలా డిబ్యూస్-స్టాఫర్డ్ టొరంటో యూనివర్సిటీలో చదువుకుంటూనే 2016 రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. తర్వాత టోక్యోలో 1500 మీటర్లలో ఐదో స్థానంలో నిలిచింది. ఆమె చెల్లెలు లూసియా కూడా టొరంటోలోనే చదివి ఒలింపిక్స్‌కి వెళ్ళింది. మీ ఇంటికి గంట దూరంలో ఉన్న యూనివర్సిటీ సంగతి ఇది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

అలాగని అమెరికాని తీసిపారేయడానికీ లేదు. వాంకూవర్ ఐలాండ్ కుర్రాడు కామ్ లెవిన్స్ సదరన్ యూటా అనే చిన్న యూనివర్సిటీకి వెళ్ళి, 2012లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ) పోటీల్లో 5000, 10,000 మీటర్లు రెండూ గెలిచాడు. టొరంటో అబ్బాయి జస్టిన్ నైట్ సిరక్యూస్ తరఫున 2017లో ఎన్‌సీఏఏ క్రాస్ కంట్రీ ఛాంపియన్ అయ్యాడు. అక్కడి పోటీ లోతు వేరు. ఆ లోతు మీ అమ్మాయికి ఇప్పుడు అవసరమా, దానికి మీరెంత కట్టాలి అన్నదే అసలు ప్రశ్న.

ముందు డబ్బు సంగతి చూద్దాం. మీ అంటారియో రాష్ట్రంలో ఉండేవాళ్ళకి 2019లో ట్యూషన్ పది శాతం తగ్గించి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడే ఆపారు. కాబట్టి బీఎస్సీ ట్యూషన్ ఏడాదికి సుమారు ఆరేడు వేల కెనడా డాలర్లు. రెసిడెన్స్, తిండి కలిపినా ఇరవై రెండు, ఇరవై మూడు వేల దగ్గర తేలుతుంది. ఇంటి నుంచి వెళ్ళివస్తే అందులో సగం కూడా కాదు. అమెరికాలో బయటి విద్యార్థికి మొత్తం ఖర్చు ఏడాదికి 50 వేల అమెరికా డాలర్లు దాటే కాలేజీలు చాలా ఉన్నాయి. అందులో సగం మాఫీ అయినా మీ జేబులోంచి పాతిక వేలు పోతాయి, అంటే సుమారు 34 వేల కెనడా డాలర్లు. స్కాలర్‌షిప్ వచ్చిందని స్వీట్లు పంచి, రాని చోటికంటే ఎక్కువ కట్టే తల్లిదండ్రులను నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. పైగా "రావచ్చు" అనేది ఆఫర్ కాదు. ఎంత, ఎన్నేళ్ళకు, గాయమైతే ఉంటుందా అన్నవి కాగితం మీద చూపించమనండి.

అమెరికాలో ఈ మధ్య రూల్స్ కూడా మారాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒక సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన డివిజన్-1 (ఎన్‌సీఏఏ మూడు అంచెల్లో పైది) కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై పరిమితి పోయింది. దాని బదులు జట్టు సైజుకి పరిమితి వచ్చింది. క్రాస్ కంట్రీకి 17 మంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఇంతకుముందు పాతిక ముప్పై మందిని ఉంచుకుని నెమ్మదిగా ఎదగనిచ్చిన కోచ్‌లకి ఇప్పుడు ఆ వీలు లేదు. మొదటి ఏడాదే ఫలితం కావాలి. 2024లో అమ్మాయిల ఎన్‌సీఏఏ క్రాస్ కంట్రీ గెలిచిన డోరిస్ లెమ్‌గోలే కెన్యా నుంచి అలబామాకి వచ్చిన అథ్లెట్. ఆ 17 చోట్ల కోసం మీ అమ్మాయి అలాంటివాళ్ళతో పోటీ పడాలి. 10:15 మంచి టైమే, నేను తక్కువ చేయడం లేదు. కానీ పెద్ద ప్రోగ్రాములు పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చే టైము కాదు. చిన్న డివిజన్-1, డివిజన్-2 కోచ్‌లు జవాబిస్తారు. డివిజన్-3లోనూ, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ ఆటకి స్కాలర్‌షిప్పే ఉండదు, ఆర్థిక స్థితిని బట్టి ఇచ్చే సాయం వేరు. అయినా 2023, 2024లో మగవాళ్ళ ఎన్‌సీఏఏ క్రాస్ కంట్రీ గెలిచింది హార్వర్డ్ కుర్రాడే.

ఇక పరుగు. టీమ్ లెక్క రెండు చోట్లా ఒకటే: ఏడుగురు పరిగెడతారు, మొదటి ఐదుగురి స్థానాలు కూడితే తక్కువ వచ్చిన జట్టు గెలుస్తుంది. తేడా దూరంలో ఉంది. ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌లో అమ్మాయిలకు 6 కిలోమీటర్లు, కెనడా యూనివర్సిటీల పోటీలు నడిపే యూ స్పోర్ట్స్‌లో 8. మీ అమ్మాయి ఆఖరి కిలోమీటర్‌లో జనాన్ని దాటే రకమా, మొదట్లోనే దూసుకెళ్ళే రకమా? ఆఖర్లో దాటే రకమైతే కెనడా రేసు ఆమెకి సరిపోతుంది.

ఇంకో పెద్ద తేడా క్యాలెండర్. అమెరికాలో ఏడాదికి మూడు సీజన్లు: క్రాస్ కంట్రీ, ఇండోర్ ట్రాక్, ఔట్‌డోర్ ట్రాక్. పైస్థాయిలో ఉంటే అది జూన్ దాకా సాగుతుంది. కెనడాలో యూనివర్సిటీ సీజన్ మార్చిలో ఇండోర్ నేషనల్స్‌తో అయిపోతుంది. వేసవిలో క్లబ్ తరఫున పరిగెత్తవచ్చు, లేదా ల్యాబ్‌లో పని చేసుకోవచ్చు. బయాలజీ నుంచి మెడిసిన్ వైపు చూసే పిల్లలకి ఆ నాలుగు నెలలు బంగారం. ఆడే అర్హత కూడా అమెరికాలో నాలుగేళ్ళయితే, కెనడాలో ఐదు. అందుకే కొందరు కెనడా పిల్లలు అమెరికాలో డిగ్రీ ముగించి, మాస్టర్స్‌కి తిరిగొచ్చి ఐదో ఏడాది ఇక్కడ పరిగెడతారు. కెనడాలో నాలుగేళ్ళు వాడేస్తే మాత్రం డివిజన్-1లో ఏమీ మిగలదు.

మీరు అడగని విషయం ఒకటి. పీఆర్ ఉందన్నారు, సిటిజన్‌షిప్ మాట ఎత్తలేదు. పెద్దవాళ్ళు అప్లై చేయాలంటే గత ఐదేళ్ళలో 1,095 రోజులు కెనడాలో ఉండాలి. 18 నిండని పిల్లలకి, తల్లిదండ్రులతో కలిపి అప్లై చేస్తే, ఈ లెక్క అక్కర్లేదు. మీకు నాలుగేళ్ళయింది, అమ్మాయికి 16. ఇప్పుడు పెడితే ఆమె మీతో పాటు వచ్చేస్తుంది. ఆలస్యం చేసి అమెరికా పంపితే, అక్కడ గడిపే రోజులేవీ లెక్కలోకి రావు, పీఆర్ నిలుపుకోవడానికి కావలసిన ఐదేళ్ళలో 730 రోజులకీ ఇబ్బంది రావచ్చు. పైగా కెనడా పాస్‌పోర్టు ఉంటే రేపు కొన్ని వృత్తుల్లో టీఎన్ వీసా మీద అమెరికాలో పని చేయవచ్చు. స్కాలర్‌షిప్ మాట పక్కన పెట్టి, ఈ వారం ఆ ఫారాలు నింపండి.

నా అభిప్రాయం సూటిగా: సగం స్కాలర్‌షిప్‌కి పంపకండి. ముప్పావు వంతు దాటితే, ఆ కాలేజీలో బయాలజీ బాగుంటే, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం. ఈలోగా దారి మూసేయనక్కర్లేదు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ చేయించి, గ్రేడ్ 9 నుంచి చదివినవాటిలో 16 కోర్ కోర్సులు సరిపోతున్నాయో స్కూల్ గైడెన్స్ ఆఫీసులో అడగండి. ఎన్‌సీఏఏ కోసం శాట్ 2023 నుంచి అక్కర్లేదు. కొన్ని కాలేజీలు అడ్మిషన్‌కి విడిగా అడుగుతాయి.

గ్వెల్ఫ్, మెక్‌మాస్టర్, క్వీన్స్, వెస్టర్న్, టొరంటో, ఈ ఐదు చోట్లకీ అమ్మాయిని తీసుకెళ్ళండి. ప్రతి చోటా కోచ్‌తో పాటు మూడో, నాలుగో ఏడాది అమ్మాయిలతో ఆమెని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీరు కాఫీకి వెళ్ళిపోండి. తమతో పాటు చేరినవాళ్ళలో ఎందరు ఇంకా పరిగెడుతున్నారు, కోచ్ బరువు గురించి మాట్లాడతాడా, ఎముకకి చీలిక వస్తే ఎన్ని నెలలు ఆగనిస్తారు అని అడగాలి. దూరం పరిగెత్తే అమ్మాయిలు తిండి తగ్గించి, నెలసరి ఆగిపోయి, ఎముకలు దెబ్బతిని ఆట మానేయడం రెండు దేశాల్లోనూ ఉంది. ఐరన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయించండి. శాకాహారులైతే మరీ ముఖ్యం.

కోచ్‌లకి మెయిల్ మీరు రాయకండి, అమ్మాయే రాయాలి. రెండు పేరాలు చాలు: టైములు, మార్కులు, ఏం చదవాలనుకుంటోంది, రేసు వీడియో ఒకటి. నాన్న రాసిన మెయిల్‌ని కోచ్‌లు మొదటి లైన్‌లోనే పట్టేస్తారు.