పోటుతో ఎక్కాలి, పాటుతో దిగాలి

ప్రశ్న: మా వారికీ నాకూ కలిపి ఇరవై రెండడుగుల తెరచాప పడవ ఒకటి ఉంది. అడుగుభాగం నీళ్లలోకి రెండున్నర అడుగులు దిగుతుంది. గాలి పడిపోతే పనికొస్తుందని చిన్న ఇంజను కూడా పెట్టించుకున్నాం. మొన్న మాఘ పౌర్ణమి మర్నాడు అంతర్వేది సంగమం నుంచి గోదావరి పాయ వశిష్ఠ మీదుగా నరసాపురం వెళ్దామనుకున్నాం. పోటు నిండితే లోతు ఎక్కువుంటుందని నేనే పట్టుబట్టి, తొమ్మిదిన్నరకు మొగలోకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, తీసుకురమ్మన్నాను. పదిన్నరకల్లా పాటు మొదలై నీరు సముద్రం వైపు తిరిగింది, పదకొండుకు ఇసుక మేట ఎక్కేశాం. రాత్రి ఎనిమిదిన్నరకు గానీ పడవ లేవలేదు. "పాటు చివర్లో బయల్దేరదామంటే విన్నావా?" అని ఆయన ఇప్పటికీ దెప్పుతున్నారు. ఎవరిది ఒప్పు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముప్పాతిక వంతు మీ వారిది, పాతిక వంతు మీది. మొగ దగ్గర మేటలు ఏటేటా చోటు మారుతుంటాయి కనుక, అక్కడ పడవ కింద నీరు చాలినంత ఉండాలన్న మీ జాగ్రత్త సరైనదే. అయితే నిండుపోటు అంటే నీరు ఇక పెరగదని, కాసేపట్లో తీయడం మొదలవుతుందని అర్థం. ఆ వేళకు నదిలోకి వచ్చినవారికి దారి పొడవునా పాటే ఎదురవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, నీరు దిగుతున్నప్పుడు మేట ఎక్కిన పడవ మళ్లీ అదే మట్టానికి నీరు వచ్చేదాకా కదలదు. నిండుపోటు దాటిన గంటన్నరకు చిక్కుకున్నారు కనుక, తరువాతి నిండుపోటుకు ఇంకా గంటన్నర ఉందనగా లేచారు. అదే నీరు ఎక్కుతున్నప్పుడు చిక్కుకుని ఉంటే, ఒక కప్పు కాఫీ తాగేలోగా పడవ దానంతటదే తేలేది.

అలాగని మీ వారన్నట్టు పాటు చివర్లోనే మొగ దాటాలని చూస్తే, నేల తగిలేది అక్కడే. దీనికొక మోటు లెక్క ఉంది. నీరు ఎక్కడానికి పట్టే సుమారు ఆరు గంటల్లో మొత్తం 120 సెంటీమీటర్లు పెరుగుతుందనుకోండి. మొదటి గంటలో 10, రెండో గంటలో 20, మూడు, నాలుగు గంటల్లో ముప్పైయేసి, ఆ తరువాత 20, చివరకు 10 పెరుగుతుంది. కాబట్టి పాటు ముగిసిన రెండు, రెండున్నర గంటలకు మొగ దాటితే, అప్పటికే అడుగు నీరు ఎక్కి ఉంటుంది, అసలు పెరుగుదల మీ వెనకాలే వస్తూ ఉంటుంది. అక్కడి నుంచి నరసాపురం పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది; గంటకు ఐదు కిలోమీటర్లు నడిచే పడవ కూడా పోటు తోడైతే రెండున్నర గంటల్లో చేరుతుంది. పైగా నిండుపోటు మొగ దగ్గరకన్నా నరసాపురంలో ఆలస్యంగా వస్తుంది కనుక, నీటితోపాటు ఎగువకు వెళ్లేవారికి ఆ కాస్త వ్యవధి కూడా కలిసొస్తుంది.

మీరు ఎంచుకున్న తిథి కూడా మీకు అనుకూలించలేదు. మన తీరంలో పౌర్ణమి, అమావాస్యలకు నిండుపోటు ఉదయం, రాత్రి తొమ్మిది ప్రాంతాల్లో వస్తుంది; రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుచేత చవితి, పంచమి నాటికి ఉదయం ఆరు దాటాక పాటు ముగిసి, మధ్యాహ్నం పన్నెండు దాటాక నీరు నిండుతుంది. ఎనిమిదిన్నరకు మొగ దాటితే వెలుగుండగానే రేవు చేరుకుంటారు. వేసవి మొదలయ్యాక పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి వెనక నుంచి తోస్తుంది కూడా. తిరుగు ప్రయాణంలో మాత్రం అదే గాలి పాటుకు ఎదురై, పొట్టి పొట్టి అలలు లేపి ఒళ్లంతా తడుపుతుంది; తెల్లవారుజామునే బయల్దేరడం మేలు.

పంచాంగం ఎంత చూసినా, చివరి మాట నీటిదే. నడి ఏట లంగరు వేసిన నాటు పడవల ముక్కు సముద్రం వైపు తిరిగి ఉంటే పోటు నడుస్తున్నట్టు, ఎగువకు తిరిగి ఉంటే పాటు పడినట్టు. గుర్రపుడెక్క గుంపు ఎటు కొట్టుకుపోతోందో చూసినా చాలు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపున్న మాధవాయిపాలెం రేవుకు దాటే పంటును గమనించండి: పోటు బలంగా ఉన్నప్పుడు సరంగు దాని ముక్కును దిగువకు వాల్చి, ఏటవాలుగా నడిపిస్తాడు. వంపుల దగ్గర కోత పడే గట్టు వైపు లోతు ఉంటుంది, మేట వేసే వైపు ఉండదు. దగ్గరి దారి కదా అని లోపలి వంపును ఒరుసుకుంటూ పోవడమే మీ పడవ ఇసుకనెక్కడానికి కారణమై ఉంటుందని నా అనుమానం. గడ ఒకటి చేతిలో ఉంచుకుని, ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు ముందు నిలబడి లోతు చూస్తూ ఉండాలి. ఆ గడ మీ చేతిలోనే ఉంటే దెప్పుళ్లు కొంత తగ్గవచ్చు.

మీరు దిగబోయే మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం ఉండేది. 'మడపొల్లం' అనే నూలు బట్టకు ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది.

ప్రశ్న: ఇదే ప్రయాణం ఆగస్టులో చేయవచ్చా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చేయకూడదు. పైన చెప్పిన లెక్క అంతా ధవళేశ్వరం బ్యారేజీ నుంచి దిగువకు నీరు పెద్దగా రాని నెలలకు, అంటే నదిలో సముద్రపు నీరే ఎక్కి దిగుతుండే కాలానికి వర్తిస్తుంది. వరద వదిలినప్పుడు పోటు వేళ నీటి మట్టం కొంత పెరిగినా, ప్రవాహం మాత్రం ఎర్రగా సముద్రం వైపే పరుగెడుతుంది. దుంగలు, చెట్లు కూడా కొట్టుకొస్తాయి. కార్తీకం వెళ్లాక, నీరు తేటపడ్డాక చూసుకోండి.